పెరోల్ ఫైల్లో పోలీసు మాటకు రుజువేది?

సంపాదకులకు,

ఆగస్టు 15, జనవరి 26 దగ్గరపడితే చాలు, జీవిత ఖైదీల విడుదల జాబితా మీద వార్తలు మొదలవుతాయి. ఫలానావాణ్ణి ఎలా వదిలారని ఒక పక్క, మావాణ్ణి ఎందుకు వదల్లేదని ఇంకో పక్క. మధ్యలో పేరున్న ఖైదీ ఎవరికైనా పెరోల్ దొరికితే నాలుగు రోజులు టీవీ చర్చలు. ఇన్ని మాటల్లోనూ రాని ప్రశ్న ఒకటుంది. ఆ జాబితాలో ఒక పేరు చేరడానికి, ఇంకో పేరు జారిపోవడానికి ముందు ఫైల్లో ఏ కాగితాలున్నాయి? వాటిలో రాసింది నిజమో కాదో ఎవరైనా సరిచూశారా? ఈ ఉత్తరం ఆ ఫైల్ గురించే.

ముందు మాటల గందరగోళం తీర్చుకోవాలి. పెరోల్ అంటే శిక్ష మధ్యలో ఏదో ఒక అవసరానికి, అంటే తల్లి అంత్యక్రియలకో, బిడ్డ పెళ్లికో, ఇంట్లో ప్రాణం మీదికొచ్చిన జబ్బుకో, కొద్దిరోజులు షరతులతో పంపి మళ్లీ రప్పించుకోవడం. ఫర్లోకు అలాంటి కారణం చూపనక్కర్లేదు. ఏళ్ల తరబడి లోపల ఉన్నవాళ్లకు ఇంటితో తెగిపోకుండా ఉండటానికిచ్చే సెలవు అది. మూడోది ముందస్తు విడుదల, అంటే మిగిలిన శిక్షను మాఫీ చేసి పంపేయడం. జైళ్లు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితా అంశం కాబట్టి పెరోల్, ఫర్లో నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి. ముందస్తు విడుదలకు మాత్రం పునాది కేంద్ర చట్టంలోనే ఉంది. ఒకప్పటి నేర విచారణ స్మృతి, అంటే సీఆర్‌పీసీ 432, 433, 433ఏ సెక్షన్లు 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 473, 474, 475 అయ్యాయి. వీటితో సంబంధం లేకుండా రాష్ట్రపతికి 72, గవర్నర్‌కు 161 అధికరణల కింద క్షమాభిక్ష అధికారం ఉంది.

జీవిత ఖైదు అంటే పద్నాలుగేళ్లే అన్న నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. జీవిత ఖైదు అంటే చనిపోయేదాకా అని సుప్రీంకోర్టు 1961లో గోపాల్ వినాయక్ గాడ్సే కేసులోనే చెప్పింది. మరణశిక్షకు కూడా వీలున్న నేరంలో జీవిత ఖైదు పడితే, లోపల నిజంగా గడిపిన కాలం 14 ఏళ్లు నిండనిదే ఈ సెక్షన్ల కింద వదలడానికి వీల్లేదు. పనికీ సత్ప్రవర్తనకూ వచ్చే రెమిషన్ (శిక్ష తగ్గింపు) రోజులు ఆ 14 ఏళ్ల లెక్కలోకి రావు. రిమాండ్‌లో గడిపినవి వస్తాయి. గోవా నియమాల మీద వచ్చిన ఒక కేసులో పెరోల్‌పై బయట గడిపిన రోజుల్ని ఆ లెక్కలోంచి తీసేయాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఏమైనా, 14 నిండితే తలుపు దానంతటదే తెరుచుకోదు. ఆ రోజు నుంచి పేరు పరిశీలనకు వస్తుంది, అంతే.

ఇక ఫైల్. ముందస్తు విడుదల ఫైల్లో మామూలుగా ఉండేవి ఇవి. ఖైదీ వివరాలు, శిక్ష, గడిపిన కాలం, పెరోళ్లు, జైల్లో తప్పులకు పడ్డ శిక్షలు పట్టీగా రాసిన నామినల్ రోల్. జైల్లోకి వచ్చిన రోజు నుంచి జరిగినవన్నీ ఎక్కే హిస్టరీ టికెట్. తీర్పు నకలు, జైలు డాక్టరు కాగితం, సూపరింటెండెంట్ సిఫారసు, ఖైదీ ఇంటి పరిస్థితులు విచారించే జిల్లా ప్రొబేషన్ అధికారి నివేదిక, ఎస్పీ నివేదిక, శిక్ష వేసిన కోర్టు జడ్జి అభిప్రాయం. ఇవన్నీ శిక్షల సమీక్ష మండలి ముందుకు వెళ్తాయి. నమూనా జైలు మాన్యువల్ ప్రకారం ఆ మండలిలో హోం శాఖ, న్యాయ శాఖ, ప్రొబేషన్, పోలీసు, జైళ్ల విభాగాల అధికారులతో పాటు ఒక జిల్లా జడ్జి కూడా ఉంటారు. కాగితం మీద మంచి ఏర్పాటే. కానీ ఆ ఫైల్‌కు నివేదికలు రాసినవాళ్లలో ఖైదీని ఈ మధ్యకాలంలో కళ్లారా చూసినవాళ్లు ఎందరు? జైలు సిబ్బంది చూస్తారు. ప్రొబేషన్ అధికారి ఇంటికి వెళ్తారు, కొన్నిసార్లు జైలుకూ వస్తారు. పోలీసు నివేదిక రాసే ఎస్సై, అభిప్రాయం రాసే జడ్జి సాధారణంగా ఆ మనిషి ముఖమే ఎరగరు. చిత్రమేమిటంటే ఫైల్లో ఎక్కువ బరువు తూగేవి ఆ రెండు కాగితాలే.

పెరోల్ అయితే అంతా ఇంకా కుదించుకుపోతుంది. అర్జీ జైలు సూపరింటెండెంట్ నుంచి ఎస్పీ ఆఫీసుకు, అక్కణ్ణించి డీఎస్పీ, సీఐ మీదుగా స్టేషన్‌కు దిగుతుంది. ఒక కానిస్టేబుల్ ఊళ్లోకి వెళ్లి ఇద్దరు ముగ్గురిని అడిగి వస్తాడు. ఎస్సై రాస్తాడు. అదే కాగితం మళ్లీ మెట్లెక్కి పైకి పోతుంది. పైకి పోయేకొద్దీ కవరింగ్ లెటర్లు పెరుగుతాయి, సమాచారం మాత్రం పెరగదు. పైనున్నవాళ్లు ఎక్కువగా కింది నివేదికతో ‘ఏకీభవిస్తారు’. నాలుగు సంతకాలున్నాయి కదా అని నాలుగు విచారణలు జరిగినట్టు కాదు.

ఆ నివేదికలో ఎక్కువగా కనిపించే వాక్యం ఇలా ఉంటుంది: “సదరు ఖైదీ పెరోల్‌పై విడుదలైనచో గ్రామంలో శాంతిభద్రతల సమస్య తలెత్తు అవకాశమున్నందున సిఫారసు చేయలేము.” దీన్ని ఒక్కో ముక్కగా విప్పి చూడండి. సమస్య తలెత్తుతుందని ఎవరన్నారు? ఎప్పుడన్నారు? ఖైదీ ఎవరినైనా కొడతాడనా, ఖైదీనే ఎవరైనా కొడతారనా? ఇదివరకు పెరోల్‌పై వచ్చినప్పుడు ఏమైనా జరిగిందా? వీటిలో దేనికీ ఆ వాక్యంలో జవాబు లేదు. రుజువు లేని మాటకు బదులు చెప్పుకోవడం ఎవరికీ చేతకాదు, ఎంత మంచి లాయర్ని పెట్టుకున్నా సరే.

అదే నివేదిక ఇంకోలా రాయొచ్చు. హతుడి అన్నదమ్ములు అదే వీధిలో ఉంటున్నారు. కిందటి పెరోల్‌లో ఫలానా తేదీన రెండు కుటుంబాలకూ గొడవ జరిగి స్టేషన్‌లో ఫలానా నంబరు కేసు నమోదైంది. ఆ కేసు ఇప్పుడు ఫలానా దశలో ఉంది. ఇలా రాస్తే అది సాక్ష్యం. కేసు నంబరు సరిచూడొచ్చు. ఖైదీ దానికి బదులివ్వొచ్చు: ఆ ఊరికి వెళ్లను, వేరే మండలంలో ఉన్న అక్క ఇంట్లో ఉంటాను, అక్కడి స్టేషన్‌లో రోజు విడిచి రోజు సంతకం పెడతాను అని. అధికారి ఆ షరతు పెట్టి పంపొచ్చు, లేదా ఎస్కార్ట్‌తో ఒక పూటకు పంపొచ్చు, లేదా అప్పటికీ వద్దనుకుని ఎందుకు వద్దో రాయొచ్చు. ప్రమాదం ఏమిటో తెలిస్తేనే దాన్ని షరతుతో తగ్గించవచ్చో లేదో తేలుతుంది. మొదటి రకం వాక్యంలో ఆ దారే మూసుకుపోతుంది.

ఎస్సైలందరికీ ఖైదీల మీద పగేమీ లేదు. తప్పు ఏర్పాటులో ఉంది. సిఫారసు చేశాక ఖైదీ తిరిగి రాకపోయినా, గొడవపడ్డా ముందు మెమో వచ్చేది సిఫారసు చేసినవాడికే. వద్దని రాసినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. కొడుకు లేకుండానే తల్లి చితికి నిప్పంటించాల్సి వస్తే ఆ బాధ ఏ రిజిస్టర్లోకీ ఎక్కదు. ఒక వైపు పొరపాటుకు మాత్రమే శిక్ష ఉన్నచోట ఎవరైనా రెండో వైపే పొరబడతారు. కాబట్టి వద్దని రాసేటప్పుడూ కారణానికి ఆధారం చూపాలన్న నిబంధన లేనంతకాలం, ఎన్ని శిక్షణ తరగతులు పెట్టినా ఆ వాక్యం మారదు.

‘పారిపోతాడు’ అన్న అనుమానం సంగతీ అంతే. దానికి మంచి ఆధారం ఊళ్లో దొరకదు, జైల్లోనే ఉంటుంది. ఇదివరకు ఎన్నిసార్లు బయటికి వెళ్లాడు, ఏ తేదీకి రావాలి, ఏ తేదీకి వచ్చాడు అన్నది హిస్టరీ టికెట్‌లో ఉంటుంది. కోవిడ్ సమయంలో 2020 మార్చి 23న సుప్రీంకోర్టు ఆదేశంతో రాష్ట్రాల్లో ఉన్నతాధికార కమిటీలు ఏర్పడి చాలామందిని మధ్యంతర బెయిలు మీదా పెరోల్ మీదా పంపాయి. వాళ్లందరూ 15 రోజుల్లో లొంగిపోవాలని 2023 మార్చి 24న మళ్లీ ఆదేశం వచ్చింది. అన్ని నెలలు బయట ఉండి, గడువుకు తన కాళ్లతో తాను గేటు దగ్గరికి వచ్చిన ఖైదీకి అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకేం కావాలి? ఆ సంగతి ఫైల్ మొదటి పేజీలో ఉండాలి. రానివాళ్ల ఫైళ్లలో కూడా, అదే చోట.

చిన్నవిగా కనిపించి అర్జీని చంపేసే లోపాలు ఇంకొన్ని ఉన్నాయి. నామినల్ రోల్‌లో చిరునామా అరెస్టు నాటిది. పదేళ్లలో కుటుంబం ఇల్లు మారుతుంది, ఊరే మారుతుంది. కానిస్టేబుల్ పాత ఇంటికి వెళ్లి తాళం చూసి ‘సదరు చిరునామాలో ఎవరూ నివాసం లేరు’ అని రాస్తే అర్జీ అక్కడితో సరి. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తీర్పులో పాత జిల్లా పేరు చూసి ఉత్తరం పాత ఎస్పీ ఆఫీసుకు పోతే, అక్కణ్ణించి కొత్త జిల్లాకు తిరిగేసరికి పెళ్లి ముహూర్తం దాటిపోతుంది. కాబట్టి అర్జీ మీద ప్రస్తుత చిరునామా, ఆధార్ నకలు, ఇంటి పెద్ద ఫోన్ నంబరు, ఇప్పటి పోలీస్ స్టేషన్ పేరు, పూచీకత్తు ఇచ్చే ఇద్దరి వివరాలు స్పష్టంగా రాయాలి. జబ్బయితే ప్రభుత్వ ఆసుపత్రి కాగితం, పెళ్లయితే శుభలేఖ, కర్మకాండ అయితే మరణ ధ్రువపత్రం జతచేయాలి. శుభలేఖ అచ్చయ్యేదాకా ఆగి అర్జీ పెట్టడం కంటే ముహూర్తం ఖాయమైన రోజే పెట్టి, శుభలేఖ తర్వాత పంపడం మేలు.

జడ్జి అభిప్రాయం దగ్గరికి వద్దాం. 473వ సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్ శిక్ష వేసిన కోర్టు జడ్జిని అభిప్రాయం అడగమంటోంది, కారణాలతో సహా. పద్నాలుగేళ్ల తర్వాత ఆ కుర్చీలో ఉండేది మరో జడ్జి. ఆయన చేతిలో ఉండేది పాత తీర్పు. దాన్నిబట్టి ఆయన చెప్పగలిగేది నేరం ఎంత ఘోరమైనదనే. మనిషి ఇప్పుడెలా ఉన్నాడన్నది ఆ తీర్పులో ఉండదు. 2022 ఏప్రిల్‌లో రామ్ చందర్ కేసులో సుప్రీంకోర్టు ఈ అభిప్రాయం యాంత్రికంగా ఉండకూడదని చెప్పింది. 2000లో లక్ష్మణ్ నస్కర్ కేసులో చెప్పిన అంశాలను జడ్జి పరిశీలించి కారణాలు రాయాలి, లేకపోతే ప్రభుత్వం మళ్లీ రాయమని అడగాలి అంది. ఆ అంశాలు ఐదు: నేరం సమాజం మొత్తాన్ని తాకేదా లేక వ్యక్తిగతమా, మళ్లీ చేసే అవకాశం ఉందా, నేరం చేసే సత్తువ ఇంకా మిగిలిందా, లోపలే ఉంచితే ప్రయోజనం ఏమైనా ఉందా, కుటుంబ ఆర్థిక సామాజిక స్థితి ఏమిటి. 2023 ఆగస్టులో బిహార్‌కు చెందిన రాజో కేసులో కోర్టు ఇంకో మెట్టెక్కింది. మండలి పూర్తిగా జడ్జి అభిప్రాయం మీదో పోలీసు నివేదిక మీదో ఆధారపడకూడదని, ఖైదీతో మాట్లాడి అర్హత ఉన్న మనస్తత్వ నిపుణులు రాసే నివేదికను కూడా చూడాలని సూచించింది. మన జైళ్లలో అలాంటి నిపుణుల పోస్టులు ఎన్ని ఉన్నాయి, వాటిలో ఎన్ని నిండాయి అన్నది మన విలేకరులు అడగదగ్గ ప్రశ్న.

ఈ ఐదింటిలో మొదటిది ఎప్పటికీ మారనిది. నేరం జరిగిపోయింది, దాని తీవ్రత ఐదేళ్ల తర్వాతా అంతే ఉంటుంది. ‘నేర తీవ్రత దృష్ట్యా తిరస్కరించడమైనది’ అని ఒక్క వాక్యంతో ఈ ఏడాది తిప్పికొడితే, వచ్చే ఏడాదీ అదే వాక్యంతో తిప్పికొట్టొచ్చు. ఇక సమీక్ష ఎందుకు? తీవ్రతకు శిక్ష కోర్టు ముందే వేసింది. కొన్ని నేరాలవాళ్లను అసలే వదలకూడదనుకుంటే ఆ మాట విధానంలోనే రాయాలి, దాని మీద చర్చ జరగాలి. విధానంలో వీలు చూపించి ఫైల్లో మూసేయడం న్యాయం కాదు. 2017లో అస్ఫాక్ కేసులో పెరోల్ విషయంలో, 2023 సెప్టెంబరులో కేరళకు చెందిన జోసెఫ్ కేసులో ముందస్తు విడుదల విషయంలో సుప్రీంకోర్టు చెప్పిందాని సారం ఇదే: నేరం ఒక్కటే చూసి కూర్చోకూడదు.

ఇంతవరకూ చదివి, ఇదంతా ఖైదీల వకాల్తా అనుకునేవాళ్లు ఉంటారు. ఆధారం అడగడం రెండు వైపులా కోసే కత్తి. దానికి మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక హత్య కేసు ఖైదీకి గవర్నర్ పేరిట ఇచ్చిన శిక్ష తగ్గింపును ఏపూరు సుధాకర్ కేసులో 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఫైల్లోని నివేదికల్లో ఖైదీ ‘మంచి కాంగ్రెస్ కార్యకర్త’ అన్న మాట కూడా ఉంది. కులం, మతం, పార్టీ విధేయత ఇలాంటి నిర్ణయాల్లోకి రాకూడదని కోర్టు తేల్చింది. సంబంధం లేని అంశాలు చూసినా, సంబంధం ఉన్నవాటిని దాచినా, బుర్ర పెట్టకుండా సంతకం చేసినా క్షమాభిక్ష ఉత్తర్వును కూడా కోర్టు పరిశీలించవచ్చని చెప్పింది. 2002 గుజరాత్ అల్లర్ల నాటి బిల్కిస్ బానో కేసులో 11 మంది విడుదలను 2024 జనవరి 8న కొట్టేయడానికి ప్రధాన కారణం ఇంకొకటి. శిక్ష పడింది మహారాష్ట్రలో కాబట్టి వదిలే అధికారం గుజరాత్‌కు లేదు. ఖైదీ ఏ రాష్ట్రం జైల్లో ఉన్నాడన్నదాన్ని బట్టి కాదు, ఏ రాష్ట్రంలో శిక్ష పడిందన్నదాన్ని బట్టే అధికారం. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య బదిలీ అయిన ఖైదీల ఫైళ్లలో మొట్టమొదట చూడాల్సింది ఇదే. పేదవాడి ఫైల్లో ఆధారం లేని ‘వద్దు’, పలుకుబడి ఉన్నవాడి ఫైల్లో ఆధారం లేని ‘సరే’ ఒకే అలవాటు నుంచి పుట్టాయి.

మరి మనుషుల అభిప్రాయాలొద్దు, లెక్కలతో ప్రమాదం కొలుద్దాం అనేవాళ్లున్నారు. ఆ ప్రయత్నం కొత్తది కాదు. అమెరికాలోని ఇలినాయ్‌లో సామాజిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ బర్జెస్ 1928లోనే 3,000 మంది పెరోల్ ఖైదీల వివరాలు తీసి 21 అంశాలతో మార్కుల పట్టిక తయారుచేశాడు. గణాంకాలు అస్సలు పనికిరావని అననుగానీ, వాటిలో ఒక చిక్కు ఉంది. వందమందిని వదిలితే పదిమంది మళ్లీ నేరం చేస్తారనుకుందాం. మన కొలత పదిలో ఏడుగురిని సరిగ్గా పట్టుకుంటుంది, మిగిలిన తొంభైమందిలోనూ నూటికి డెబ్బై పాళ్లు సరిగ్గా చెబుతుంది అనుకుందాం. ఈ తొంభైలో 27 మందిని ప్రమాదకారులని తప్పుగా ముద్రవేస్తుంది. మొత్తం 34 మందికి ముద్రపడితే అందులో 27 తప్పు. అంటే ఐదుగురిలో దాదాపు నలుగురిని అనవసరంగా లోపల ఉంచినట్టే. నేరం అరుదైనకొద్దీ ఈ తప్పు పెరుగుతుంది. పైగా వదలని మనిషి బయటికొస్తే ఏం చేసేవాడో ఎన్నటికీ తెలియదు, కాబట్టి ఆ తప్పు లెక్కలోకే రాదు. ఫ్లోరిడాలో మళ్లీ నేరం చేసే ప్రమాదాన్ని అంచనా వేసే కంపాస్ అనే సాఫ్ట్‌వేర్ మార్కులను 2016లో ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ పరిశీలిస్తే, మళ్లీ నేరం చేయని నల్లజాతివారిలో ఎక్కువ ప్రమాదమని ముద్రపడినవారి శాతం దాదాపు 45, తెల్లవారిలో 23 దాకా తేలింది. పాత అరెస్టుల లెక్కను కొత్త ప్రమాదానికి కొలబద్ద చేస్తే, ఏ పేటలో పోలీసులు ఎక్కువ తిరిగారో ఆ పేటవాళ్లకే మార్కులు ఎక్కువ పడతాయి. ఇక్కడ అలాంటిది పెట్టాలనుకుంటే ‘రౌడీషీట్ ఉందా’ అన్న గడి ఏం చేస్తుందో ముందు ఆలోచించాలి.

ఇజ్రాయెల్ పెరోల్ జడ్జీల మీద 2011లో వచ్చిన అధ్యయనాన్ని చాలామంది ఉదహరిస్తారు. 1,112 నిర్ణయాలు చూస్తే, విరామం తర్వాత మొదట్లో 65 శాతం దాకా అనుకూలంగా ఉన్నవి, మళ్లీ విరామం దగ్గరపడేసరికి సున్నాకు చేరువయ్యాయట. ఆకలేసిన జడ్జి వదలడని జనం చెప్పుకున్నారు. అదే ఏడాది ఇంకో ఇద్దరు పరిశోధకులు కేసుల వరస యాదృచ్ఛికం కాదని చూపించారు: లాయర్లు లేని ఖైదీల కేసులు విరామానికి ముందు చివరికి వచ్చేవి. ఆకలి కథ ఎక్కువమందికి నచ్చింది గానీ, మనకు పనికొచ్చేది రెండో సంగతి. లాయరు లేనివాడి ఫైల్ చివరికి పోతుంది, ఓడిపోతుంది కూడా.

బాధితుల కుటుంబాన్ని అడగాలా? అడగాల్సిందే, కానీ అడిగే ప్రశ్న సరిగ్గా ఉండాలి. ‘వదలమంటారా వద్దంటారా’ అంటే ఏ తల్లి అయినా వద్దనే అంటుంది. అది దుఃఖం, దాన్ని ప్రమాదానికి సాక్ష్యంగా రాయకూడదు. ఈ మధ్య బెదిరింపులు వచ్చాయా, ఖైదీ బంధువులు రాజీకి ఒత్తిడి చేశారా, సాక్షులు ఎక్కడున్నారు, బయటికొస్తే ఏ షరతు ఉంటే మీకు ధైర్యంగా ఉంటుంది అని అడిగితే వచ్చే జవాబు ఫైల్లో చోటుకు తగింది. నిర్ణయం జరిగాక వాళ్లకూ చెప్పాలి. బ్రిటన్‌లో మహిళలపై లైంగిక దాడుల కేసుల్లో శిక్షపడిన జాన్ వర్బాయిస్ విడుదల నిర్ణయాన్ని 2018 మార్చిలో హైకోర్టు కొట్టేసినప్పుడు, అతని మీద ఉన్న ఇతర ఆరోపణల ఆధారాలను పెరోల్ బోర్డు తవ్వి చూడలేదన్నది ఒక తప్పు. బోర్డు కారణాలు బయటికి చెప్పకూడదన్న నిబంధన కూడా చెల్లదంది. ఆ కేసును కోర్టుకు తెచ్చినవాళ్లలో బాధితులూ ఉన్నారు.

ఇంకో సున్నితమైన విషయం పశ్చాత్తాపం. నేరం ఒప్పుకుంటేనే మారినట్టు అని మండలి అనుకుంటే, అప్పీలు ఇంకా నడుస్తున్న ఖైదీ ఇరుక్కుపోతాడు. ఒప్పుకుంటే అప్పీలు పోయె, ఒప్పుకోకపోతే విడుదల పోయె. నిజంగా నేరం చేయనివాడైతే మరీ అన్యాయం. నాలుగు నిమిషాల్లో కన్నీళ్లు కొలవడం ఎవరికీ రాదు. రాసిన పరీక్షలు, నేర్చిన పని, ఓపెన్ జైల్లో కాపలా పెద్దగా లేకుండా గడిపిన కాలం, తోటి ఖైదీలతో గొడవలు తగ్గిన తీరు, ఇవన్నీ తేదీలతో సహా చూడగలిగినవి. వాటిని చూడటం మేలు.

ఇప్పుడు ప్రభుత్వాలు చేయాల్సింది కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 2025 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు బెయిలు విధానంపై తనంతట తానే చేపట్టిన (సుమోటో) కేసులో చాలావరకు చెప్పేసింది. విధానం ఉన్నచోట అర్హులైన ఖైదీలందరినీ అర్జీ కోసం చూడకుండా ప్రభుత్వమే పరిశీలించాలి. వదిలినా వదలకపోయినా క్లుప్తంగా కారణాలు రాయాలి. ఆ ఉత్తర్వు జైలు ద్వారా ఖైదీకి వెంటనే చేరాలి, నకలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోవాలి. దాన్ని సవాలు చేసుకునే హక్కు ఉందని ఖైదీకి చెప్పాలి. షరతులు కొలవడానికి వీలుగా ఉండాలి. గుజరాత్‌లో ‘మర్యాదగా ప్రవర్తించాలి’ అని పెట్టిన షరతును మఫాభాయ్ కేసులో 2024 అక్టోబరులో కొట్టేసింది కూడా అందుకే. మర్యాద అంటే ఏమిటో ఎవరు తేలుస్తారు? రద్దు చేయాలన్నా ముందు నోటీసిచ్చి ఖైదీ మాట వినాలి.

దీనికి రాష్ట్రాలు చేర్చాల్సినవి రెండున్నాయి. మొదటిది పోలీసు నివేదిక ఫారం. ‘అభ్యంతరం ఉంది / లేదు’ అన్న గడి పక్కనే మూడు గడులు తప్పనిసరి చేయాలి: అభ్యంతరానికి ఆధారమైన సంఘటన, దాని తేదీ లేదా కేసు నంబరు, ఏ షరతుతో ఆ అభ్యంతరం తీరుతుంది. మూడూ ఖాళీగా ఉంటే ‘అభ్యంతరం లేదు’ అనే లెక్కించాలి. నివేదిక రావాల్సిన గడువు దాటినా అంతే. నిర్ణయానికి ముందు ఆ నివేదికలోని సారాంశం ఖైదీకి ఇచ్చి రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. సమాచారం చెప్పినవాళ్ల పేర్లు తీసేసి ఇవ్వొచ్చు, అందులో కష్టమేమీ లేదు. ఇచ్చేదాకా కుటుంబాలు సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఒక మనిషి స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టం ఏడో సెక్షన్ చెబుతోంది. పేర్లు చెబితే ప్రాణహాని అని ఫైల్ మొత్తం నిరాకరిస్తే, పదో సెక్షన్ కింద ఆ పేర్లు కొట్టేసి మిగతాది ఇమ్మని మొదటి అప్పీలు వేయాలి.

రెండోది లెక్క. ఏటా జైళ్ల శాఖ ఒక్క పట్టిక విడుదల చేస్తే చాలు. పెరోల్ అర్జీలు ఎన్ని, నివేదిక గడువులో వచ్చినవి ఎన్ని, ఇచ్చినవి ఎన్ని, తిరస్కరించినవి ఏ కారణంతో ఎన్ని, గడువుకు తిరిగొచ్చినవాళ్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లు, రానివాళ్లు, బయట ఉన్నప్పుడు కొత్త కేసు పడినవాళ్లు. జిల్లాల వారీగా, లాయరు సాయం ఉన్నవాళ్లు లేనివాళ్లు వేరుగా. 2022 చివరికి దేశంలో శిక్షపడిన ఖైదీలు 1,33,415 మంది అని జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పింది. అందులో మన రెండు రాష్ట్రాల వాటా పట్టిక వేయలేనంత పెద్దదేమీ కాదు. ఒక జిల్లాలో పదికి తొమ్మిది అర్జీలకు ‘శాంతిభద్రతల సమస్య’ అని రాసి, పక్క జిల్లాలో అలాంటివాళ్లనే పంపితే అందరూ తిరిగొచ్చారని ఆ పట్టికలో కనిపిస్తే, ఎస్పీని అడగాల్సిన ప్రశ్న హోం శాఖకు దానంతటదే దొరుకుతుంది.

ఇట్లు,
జైలు ఖైదీల న్యాయ సహాయంలో పనిచేసే న్యాయవాదులు